మినిట్స్ పుస్తకంలో ఎనిమిదో అంశం

(వివిధ సంఘాలకు కొత్తగా ఎన్నికైన కార్యవర్గ సభ్యుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, కొత్తగా బాధ్యతలు తీసుకున్న మిత్రులందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ "పాలనలో అపార అనుభవం" అన్నారు. అంత లేదు. రెండు మూడు సంఘాల్లో కలిపి ఇరవై రెండేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. అంటే ఇరవై రెండేళ్లు అందరూ మాట్లాడుతుంటే రాసుకుంటూ కూర్చున్నాను. అధ్యక్షుల మెడలో దండలు పడ్డాయి, కోశాధికారుల మీద నిందలు పడ్డాయి, నా వేళ్లకు సిరా అంటింది. అయితే మూలన కూర్చుని రాసుకునేవాడికి మాట్లాడేవాళ్లకు కనిపించనివి కొన్ని కనిపిస్తాయి. ఈ రోజు అవే చెబుతాను.

కార్యవర్గానికి అధికారం ఎక్కడినుంచి వస్తుందని అడిగితే ఎక్కువమంది "ఎన్నికల నుంచి" అంటారు. ఎన్నిక మిమ్మల్ని కుర్చీ దాకా తెస్తుంది, అంతే. ఆ కుర్చీలో కూర్చుని ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పేది నియమావళి. ఆ నియమావళిని రాసుకున్నదీ, మార్చగలిగేదీ సర్వసభ్య సమావేశం. అది తన అధికారంలో కొంత భాగాన్ని, కొంతకాలానికి, కొన్ని షరతుల మీద మీకు ఇచ్చింది. అరువు సొమ్ములు బరువు చేటని పెద్దలు అన్నది నగల గురించే అయినా, పదవులకు ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది.

మరి అరువివ్వడం ఎందుకు, అందరూ కూర్చుని అన్నీ తేల్చుకోవచ్చు కదా అంటారా? పదిమందిలో పాము చావదు. ప్రపంచ ఆరోగ్య సంస్థను చూడండి. 190కి పైగా సభ్యదేశాలు. వాటి మహాసభ సాధారణంగా ఏడాదికి ఒకసారి కూడుతుంది. మిగతా కాలమంతా పని ఆగకూడదు కనుక 34 మందితో ఒక కార్యనిర్వాహక మండలి ఉంది. ఒక్కొక్కరి పదవీకాలం మూడేళ్లు. మహాసభకు ఎజెండా సిద్ధం చేయడం, మహాసభ చేసిన నిర్ణయాలను అమలు చేయించడం దాని పని. ఎంత పెద్ద సంస్థ అయినా, ఎంత చిన్న సంఘం అయినా అమరిక ఇదే. పెద్ద సభ దిశ చెబుతుంది, చిన్న సభ నడిపిస్తుంది.

ఎంత చిన్న సభ అన్నదే చిక్కు. స్విట్జర్లాండ్‌లో దేశాన్ని నడిపే మండలిలో ఏడుగురే ఉంటారు. 1848 నుంచి ఏడుగురే. వాళ్లలో ఒకరు ఏడాదిపాటు అధ్యక్షులుగా ఉంటారు, మరుసటి ఏడు ఇంకొకరు. ఆ అధ్యక్షుడు మిగతా ఆరుగురికి పై అధికారి కాడు, వరుసలో ముందు నిలబడ్డ సమానుడు, అంతే. లోపల ఎంత వాదించుకున్నా బయటికి వచ్చాక అది మండలి నిర్ణయం. ఓడిపోయిన సభ్యుడు కూడా దాన్నే సమర్థించి మాట్లాడాలి. ఇది వినడానికి తేలిక. మన సంఘాల్లో గది తలుపు దాటకముందే "నేను వద్దనే అన్నాను" అన్న మాట ఫోన్లలో తిరగడం మీరూ చూసే ఉంటారు.

సరే, కుర్చీల లెక్క వదిలేసి కాగితాల దగ్గరికి వస్తాను. ఇరవై రెండేళ్లలో నాకు అర్థమైనది ఒక్కటే. సంస్థను ఎవరు పాలిస్తున్నారో తెలుసుకోవాలంటే ఎవరు గట్టిగా మాట్లాడుతున్నారో చూడకండి. ఎజెండా ఎవరు తయారుచేస్తున్నారు, మినిట్స్, అంటే సమావేశ నిర్ణయాల నమోదు, ఎవరు రాస్తున్నారు, ఆ రాసినదాన్ని మళ్లీ ఎవరు చదువుతున్నారు, అది చూడండి.

ఎజెండాలో లేని విషయం మీద ఎంత మంచి వాదన ఉన్నా దానికి చోటు లేదు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో 15 దేశాలు ఉంటాయి, అందులో అయిదింటికి వీటో ఉందని అందరికీ తెలుసు. ఆ వీటో దేనికి పనిచేయదో అంతగా తెలియదు. ఒక విషయాన్ని ఎజెండాలోకి తీసుకోవాలా వద్దా అన్నది కార్యవిధానానికి సంబంధించిన ప్రశ్న. దానికి ఎవరివైనా తొమ్మిది ఓట్లు చాలు, అక్కడ వీటో చెల్లదు. ప్రపంచంలో అంతటి బలవంతులు కూడా తీర్మానాన్ని ఆపగలరు కానీ, చర్చకు రావడాన్ని ఒంటరిగా ఆపలేరు. ఈ తేడాను నియమాల్లో రాసిపెట్టినవాళ్లకు సమావేశాలంటే ఏమిటో బాగా తెలుసు.

మన ఎజెండాల్లో చివరి వరుస ఒకటి ఉంటుంది. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు." చూడటానికి ఎంత అమాయకంగా ఉంటుందో! అప్పటికి రెండున్నర గంటలు గడిచి ఉంటాయి. సగం మంది సంచులు భుజాన వేసుకుని ఉంటారు. ఒకరిద్దరు వెళ్లిపోయి ఉంటారు. సరిగ్గా అప్పుడు "చిన్న విషయం ఒకటి ఉంది" అంటూ ఒకరు మొదలుపెడతారు. నా అనుభవంలో ఆ చిన్న విషయాలే సంఘాలను పెద్ద గొడవల్లో పడేశాయి. డబ్బుకూ, నియామకాలకూ, నియమావళి సవరణకూ సంబంధించినది ఏదీ ఆ వరుసలోంచి లోపలికి రానివ్వకండి. వస్తే "వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టండి" అనడం మొరటుతనం కాదు. ఆ మాట అనే సభ్యుడు ఒక్కరుంటే చాలు.

నోటీసుతోపాటు కాగితాలు కూడా ముందే పంపాలి. సమావేశంలో చేతికిచ్చిన నలభై పేజీల నివేదికను ఎవరూ చదవరు, చదివినట్టు తల ఊపుతారు. ఆ తల ఊపడమే తరువాత "ఏకగ్రీవంగా ఆమోదించారు" అవుతుంది.

కోరం గురించి, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు గురించి, రెండు మాటలు. దీన్ని చాలామంది హాజరు పట్టీ అనుకుంటారు. కోరం ఉన్నది వచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి కాదు, నలుగురు కూర్చుని నలభై మంది పేరు మీద నిర్ణయాలు చేయకుండా ఆపడానికి. మొదట్లో కోరం ఉండి మధ్యలో పడిపోతే ఏం చేయాలన్నది ఒక్కో నియమావళిలో ఒక్కో రకంగా ఉంటుంది. మీది ఈ రాత్రే తీసి చూసుకోండి. ఇంకో సంగతి, కోరం ఉన్నంతవరకు మీరు రాకపోయినా నిర్ణయం ఆగదు. 1950 జనవరిలో సోవియట్ యూనియన్ భద్రతా మండలి సమావేశాలను బహిష్కరించింది. చైనా స్థానం ఎవరిదన్న వివాదంలో అది వాళ్ల నిరసన. జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా పెట్టిన తీర్మానాలు ఒకదాని వెనుక ఒకటి మండలిలో నెగ్గాయి. చేతిలో వీటో ఉన్న దేశం ఆ గదిలో లేదు! ఆగస్టు 1న తిరిగి వచ్చింది. నెలనెలా మారే అధ్యక్ష స్థానం ఆ నెల వాళ్ల వంతు కావడంతో వచ్చీ రాగానే అధ్యక్ష కుర్చీలోనే కూర్చుంది. అప్పటికే చేసిన తీర్మానాలను మాత్రం వెనక్కి తిప్పలేకపోయింది. అలిగి సమావేశానికి రాని సభ్యులు కనిపిస్తే నేను ఈ కథే చెప్పేవాణ్ణి. కొందరు మరుసటి సమావేశానికి వచ్చేవారు. కొందరు నా మీద కూడా అలిగేవారు.

ఇక నా సొంత పనికి వస్తాను. మినిట్స్.

ఒక సంఘంలో, పేరు వద్దు లెండి, నేను బాధ్యత తీసుకున్న మొదటి నెలలోనే పాత మినిట్స్ పుస్తకం తిరగేస్తున్నాను. గట్టి అట్ట, గుడ్డ వెన్ను, ప్రతి పేజీకీ అచ్చు నంబరు. ఒక సమావేశం దగ్గర ఆగాను. ఎజెండాలో ఏడు అంశాలు. మినిట్స్‌లో ఎనిమిది. మొదటి ఏడూ వెడల్పుగా, కాస్త కుడివైపు వాలిన అక్షరాల్లో ఉన్నాయి. ఎనిమిదోది కూడా అదే చేతిరాత, అదే నీలం సిరా. కానీ వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇరుకుగా ఉన్నాయి. చివరి వాక్యం సంతకాల మధ్యనుంచి దూరింది. ఒక సభ్యుడికి సంతకం చివర పొడుగ్గా తోక లాగే అలవాటు ఉంది. "అధికారం ఇవ్వడమైనది" అన్న మాట సరిగ్గా ఆ తోక మీద పడింది. పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వంచి చూశాను. అక్షరాల సిరా సంతకం పైనుంచి పోయింది. అంటే ముందు సంతకాలు, తరువాత తీర్మానం.

ఆ ఎనిమిదో అంశం ఏమిటంటారా? ఒక పనికి సంబంధించిన కాంట్రాక్టును కొత్తగా కొటేషన్లు పిలవకుండా పాతవారికే మరో మూడేళ్లు పొడిగించే అధికారం ఇద్దరు ఆఫీస్ బేరర్లకు ఇవ్వడం. సంతకాలు చేసిన సభ్యులను ఒక్కొక్కరినే అడిగాను. అప్పుడు నాకు అసలు ఆశ్చర్యం కలిగింది. ముగ్గురు "అలాంటిదేమీ లేదు" అన్నారు. ఇద్దరు "ఏదో అనుకున్నట్టే ఉంది" అన్నారు. ఒకాయన అయితే "పుస్తకంలో ఉందంటే చేసే ఉంటాం" అన్నారు! మనిషికి తన జ్ఞాపకం మీద కంటే రాతమీద నమ్మకం ఎక్కువ. మినిట్స్ బలం అదే, ప్రమాదమూ అదే.

అది మోసమా అని అడిగితే, ఇన్నేళ్ల తరువాత కూడా ఖాయంగా చెప్పలేను. రాసినాయన నాతో చెప్పింది ఇది: సమావేశం ముగిసి అందరూ లేస్తుండగా ఆ మాట అనుకున్నారు, ఎవరూ వద్దనలేదు, రాయడం మరిచిపోయి మర్నాడు రాశాను. కావచ్చు. కానీ ఎవరూ వద్దనకపోవడం వేరు, అందరూ సరేననడం వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికే ప్రతిపాదించడం, బలపరచడం, ఓటు తీసుకోవడం అనే తంతు పుట్టింది. చివరికి సర్వసభ్య సమావేశం ఆ పొడిగింపును రద్దు చేసింది. అప్పటికే ఏడాదిపాటు నిజాయతీగా పనిచేసిన కాంట్రాక్టరుకు డబ్బు ఇవ్వాల్సి వచ్చింది, ఇచ్చాం. అతని తప్పేమీ లేదు కదా.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు. మినిట్స్ చివరి వాక్యానికీ సంతకాలకూ మధ్య చోటు ఉంచను. సంతకాల కింద పేజీ ఖాళీగా మిగిలితే మూల నుంచి మూలకు అడ్డగీత కొడతాను. ఇప్పుడు కంప్యూటర్‌లో రాసి ప్రింటు తీసి అతికిస్తున్నారు. అప్పుడైతే అతికించిన కాగితం అంచు మీదుగా, సగం కాగితం మీద, సగం పుస్తకం మీద పడేలా సంతకం చేయించండి. చాదస్తం అంటారు. అననివ్వండి.

మినిట్స్‌లో ఎవరెవరు ఏమన్నారో అంతా రాయనక్కర్లేదు. అది హరికథ కాదు. ఏం నిర్ణయించారు, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, ఇవి ఉండాలి. "చర్చించడమైనది", "తీర్మానించడమైనది" అన్న రెండు మాటల్లో ఏది ఎక్కడ వాడుతున్నారో చూసుకోండి. ఎవరైనా తన అసమ్మతిని నమోదు చేయమంటే ముఖం ముడుచుకోకుండా రాయండి. ఎవరి సొంత వ్యవహారమైనా చర్చకు వచ్చినప్పుడు వాళ్లు లేచి బయటికి వెళ్లాలి. వెళ్లారన్న మాట, మళ్లీ ఎప్పుడు వచ్చారన్న మాట కూడా రాయాలి.

ఈ పద్ధతులన్నీ ఎవరో పనిలేని గుమాస్తాలు కల్పించినవి కావు. అమెరికాలో హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు ఉండేవాడు. 1863లో ఒక సభకు ఉన్నట్టుండి అధ్యక్షత వహించమన్నారు. సభ ఎలా నడపాలో ఆయనకు తెలియదు, అది రచ్చ రచ్చ అయింది. ఆ సిగ్గు ఆయన్ను వదల్లేదు. చదివి, సేకరించి, 1876లో సభా నియమాలను అచ్చువేశాడు. ప్రపంచంలో ఎన్నో సంఘాలు ఇప్పటికీ వాటినే అనుసరిస్తున్నాయి. ఒక మనిషికి జరిగిన అవమానం ఇంతమందికి ఉపయోగపడటం అరుదు. నేను ఆయనకు మనసులో చాలాసార్లు దండం పెట్టుకున్నాను.

ఏకగ్రీవం అన్న మాట మనకు మహా ఇష్టం. నాకు అనుమానం. పోలండ్ చట్టసభలో ఒకప్పుడు ఒక్క సభ్యుడు "ఒప్పుకోను" అంటే చాలు, మొత్తం సమావేశం చెడిపోయేది. 1652లో మొదటిసారి ఒక్కడి మాటతో సభ ఆగిపోయింది. ఆ తరువాత అది అలవాటైంది. మూడో ఆగస్టస్ రాజుగా ఉన్న ముప్పై ఏళ్లలో ఒకే ఒక్క సమావేశం చివరి దాకా సాగింది. బయటి రాజ్యాలకు పని తేలికైంది, ఒక్క సభ్యుణ్ణి కొంటే చాలు. 1791 రాజ్యాంగంతో ఆ నియమాన్ని తీసేశారు కానీ, అయిదేళ్లు తిరగకుండానే దేశమే పటం మీద లేకుండా పోయింది.

ఏకగ్రీవానికి ఇంకో రకం జబ్బు ఉంది. అది వద్దనేవాడి వల్ల వచ్చేది కాదు, ఎవరూ వద్దనకపోవడం వల్ల వచ్చేది. 1961 ఏప్రిల్‌లో అమెరికా క్యూబా మీద చేయించిన దాడి ఘోరంగా విఫలమైంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ సలహాదారులలో అనుమానాలు ఉన్నవాళ్లు ఉన్నారు, కానీ అందరి ముందు గట్టిగా అడ్డు చెప్పినవారు తక్కువ. ఇర్వింగ్ జానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తరువాత దీన్నే ఉదాహరణగా తీసుకుని తెలివైనవాళ్ల గుంపు తెలివితక్కువ నిర్ణయం ఎలా చేస్తుందో వివరించాడు. ఏడాదిన్నరకు, 1962 అక్టోబరులో అదే క్యూబాలో సోవియట్ క్షిపణులు కనిపించాయి. ఈసారి కెనెడీ ఒక కార్యనిర్వాహక కమిటీ వేశాడు. కొన్ని సమావేశాలకు కావాలనే తాను వెళ్లలేదు. అధ్యక్షుడు ఎదురుగా ఉంటే అందరూ ఆయన ముఖం చూసి మాట్లాడతారు కదా! మొదటి రోజు ఎక్కువమంది విమాన దాడి వైపే మొగ్గారు. రోజుల తరబడి వాదించుకున్నాక ఓడల దిగ్బంధం దగ్గర ఆగారు. ఆ పదమూడు రోజుల్లో ప్రపంచం బతికి బట్టకట్టిందంటే అందులో ఆ ఖాళీ కుర్చీకి కొంత వాటా ఉంది. మీలో అధ్యక్షులైనవారు ఎప్పుడైనా ఒకసారి ఆలస్యంగా రండి. లేదా కనీసం మీ అభిప్రాయం చివర చెప్పండి. మొదటే చెప్పేస్తే మిగతాది భజన.

కార్యవర్గం లోపల మరో కార్యవర్గం పుట్టడం గురించి కూడా చెప్పాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, వాళ్లకు దగ్గరైన ఇద్దరు. సమావేశానికి ముందురోజు ఫోన్లలో అన్నీ అయిపోతాయి, మర్నాడు జరిగేది ప్రదర్శన. నేనూ ఆ నలుగురిలో ఒకణ్ణిగా ఉన్నాను, దాచడం ఎందుకు. పని వేగంగా జరుగుతుంది, ఆ రుచి అలాంటిది. కొన్నాళ్లకు మిగతా సభ్యులు కాగితాలు చదవడం మానేస్తారు, ఆ తరువాత రావడం మానేస్తారు. అప్పుడు "ఎవరికీ ఆసక్తి లేదండీ, అంతా మేమే మోస్తున్నాం" అని మేమే వాపోయేవాళ్లం. రాబర్ట్ మిషెల్స్ అనే ఆయన 1911లోనే, ఎంత ప్రజాస్వామ్యం మాట్లాడే సంస్థలోనైనా అధికారం చివరికి కొద్దిమంది చేతుల్లోకి చేరుతుందని, అది ఇనుములాంటి నియమమని రాశాడు. నియమమో కాదో కానీ, తుప్పు పట్టించే మార్గాలు లేకపోలేదు. పదవీకాలానికి హద్దు పెట్టడం ఒకటి. చేసేవాళ్లనూ చూసేవాళ్లనూ వేరుచేయడం ఇంకొకటి. జర్మనీలో వాటాల కంపెనీలకు రెండు మండళ్లు ఉంటాయి, ఒకటి నడపడానికి, ఒకటి పర్యవేక్షించడానికి. ఒకే మనిషి ఒకే కంపెనీలో ఆ రెండింటిలోనూ ఉండకూడదు. రెండు వేల మందికి పైగా ఉద్యోగులుంటే పర్యవేక్షణ మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులకు ఇవ్వాలని 1976 చట్టం చెబుతుంది.

ఇవన్నీ కొత్త ఆలోచనలని అనుకోకండి. తమిళదేశంలో ఉత్తరమేరూరు శాసనం ఉంది, 10వ శతాబ్దం నాటిది, చోళరాజు మొదటి పరాంతకుడి కాలం. ఆ ఊరి సభ చెరువుకొక కమిటీ, తోటలకొక కమిటీ వేసుకుంది. అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఒక పిల్లవాడితో తీయించేవారు. పదవి ఏడాదే. గడిచిన మూడేళ్లలో కమిటీలో ఉన్నవారికి మళ్లీ అవకాశం లేదు. భూమి, వయసు, చదువు అంటూ పెట్టిన షరతులు ఊళ్లో చాలామందిని బయటే ఉంచేశాయి, దాన్ని మెచ్చుకోనక్కర్లేదు. కానీ ఒక షరతు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడి పేరు కుండలో వేయకూడదు. వాడి పేరే కాదు, ఫలానా ఫలానా వరుసైన బంధువుల పేర్లు కూడా వేయకూడదని చుట్టరికాలన్నీ ఏకరువు పెట్టి రాతిమీద చెక్కించారు. తాను దిగిపోయి బావమరిదిని కూర్చోబెట్టే తెలివి వెయ్యేళ్ల కిందటే ఉందన్నమాట. దానికి విరుగుడూ అప్పుడే ఉంది.

దిగిపోవడం అన్నాను కనుక ఆ సంగతితో ఆపుతాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మీరు పదవిలోకి వచ్చిన మొదటి వారంలోనే అప్పగింత జాబితా ఒకటి రాసుకోండి. బ్యాంకులో ఎవరి సంతకాలు నడుస్తున్నాయి, ముద్ర ఎవరి దగ్గర ఉంది, పాస్‌వర్డులు, తాళాలు, పుస్తకాలు ఎన్ని. దిగేరోజు అందులో ఒక్కొక్కటీ టిక్కు పెట్టి ఇచ్చేయాలి. నేను దిగినరోజు నా తరువాత వచ్చిన అమ్మాయి మినిట్స్ పుస్తకాలు తీసుకుని పేజీలు తిప్పుతూ, "ఈ అడ్డగీతలు ఏమిటండీ, పేజీలన్నీ పాడైపోయాయి" అంది. పాత పుస్తకం తీసి ఎనిమిదో అంశం ఉన్న పేజీ చూపించాను, సంగతేమీ చెప్పలేదు. ఆమె చదివింది. మళ్లీ చదివింది. తరువాత నేను ఏమీ అనకుండానే పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

ప్రశ్నలు ఉంటే అడగండి.